అర మార్కు

మా మొదటి గుండె సుద్దముక్కతో పుట్టింది.
హైమవతి మేడం రెండు చేతులా ఒకేసారి గీసేవారు,
ఎడమచేత్తో కుడి గది, కుడిచేత్తో ఎడమ గది.
బోర్డు మీది మనిషి మనకెదురుగా నిలబడ్డాడు కదా, అనేవారు.
నడిమి గోడ దగ్గర ఆమె చేతులు రెండూ కలుసుకునేవి.
నీలం సుద్ద అయిపోయిన రోజు
ఆకుపచ్చనే చెడు రక్తం అనుకోమనేవారు.
గంట కొట్టగానే డస్టరు.
గుండె పొడిపొడిగా రాలి
మొదటి వరస నూనె జడల మీద పడేది.

రెండోది గుడ్డ మీది గుండె.
మోడలర్ దానియేలు గారు వార్నిష్ పూసి వేలాడదీసిన పటం.
ఊపిరితిత్తుల్నించి మంచి రక్తం మోసుకొచ్చే సిరలు నాలుగైతే
ఒకదానికి తొందర్లో నీలం వేసేశారాయన.
దిద్దుతానంటే మేడం ఒప్పుకోలేదట.
"ఉండనీ దానియేలూ,
తప్పు వెతికినవాడు ఒప్పు మర్చిపోడు."
నాకు ఆర్నెల్లు పట్టింది కనిపెట్టడానికి.
కుడివైపు పైది. నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

తర్వాత క్యాసెట్టు.
రీలు చిక్కుపడితే పెన్సిలు దూర్చి తిప్పేవాళ్లం.
ఎవరిదో ఏ దేశానిదో గుండె,
దాని వెనక మా గుంటూరు ఫ్యాను కిర్రుమనడం,
వంతెన కింద రైలు కూత.
లబ్ వినిపించేది. డబ్ వినిపించేది.
ఆ తర్వాత రావాల్సిన సన్నటి గురగుర మాత్రం
టేపుకి చిక్కేది కాదు.

అది మస్తాన్‌బీ దగ్గరుంది.
పెద్దాసుపత్రిలో ఆడవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం.
యార్డులో మిరపకాయల ముచ్చికలు తీసే మనిషి,
వారమైనా జుట్టులో ఘాటు వదల్లేదు,
వంగిన ప్రతివాడూ తుమ్మేవాడు.
చిన్నప్పటి కీళ్లజ్వరం
కవాటాన్ని చొక్కా కాజా అంత చేసి వదిలింది.
ఎడమపక్కకి తిరగమ్మా. గాలి వదులు. బిగబట్టు.
పరీక్షల ముందు వారం నలభై మందిమి వరసలో,
చన్ను కింద నలభై సార్లు చల్లటి ఇనుము.
ఎవరికన్నా వినపడకపోతే తనే నొచ్చుకునేది:
"ఇంకాస్త కిందకి పెట్టు నాయనా,
నిన్న అక్కడే దొరికింది అందరికీ."

నా వంతు.
కళ్లు మూసుకున్నాను. దొరికింది,
ఎక్కడో ఎడ్లబండి చెక్కవంతెన దాటుతున్నట్టు.
ఎంతసేపు విన్నానో తెలీదు.
లేచి, రాసుకుందామని పెన్ను మూత తీశాను.
సిస్టర్ కేకేసింది.
చూస్తే మస్తాన్‌బీ ముఖం కందిపోయి ఉంది,
గుప్పిట్లో దుప్పటి అంచు, కళ్లలో నీళ్లు,
ఇంకా బిగబట్టే ఉంది.
"వదిలెయ్యొచ్చుగా!" అన్నాను, సిగ్గులేకుండా కోపంగా.
దగ్గి, దగ్గి, అంది:
"నువ్వు చెప్పలేదుగా పాపా.
మధ్యలో వదిల్తే నీ చదువు చెడుద్దేమోనని."

ఇప్పుడు మా స్కిల్ ల్యాబుకి ఏసీ.
బల్ల మీద రబ్బరు బొమ్మ.
పేరు లేదు, నంబరుంది.
మీట నొక్కితే ఏ గురగుర కావాలంటే ఆ గురగుర.
గోడంత తెర మీద గుండె
కోసిన దోసకాయలా విచ్చుకుని తిరుగుతుంది.
మంచిదే. ఒట్టు, మంచిదే.
ఏ మనిషీ నలభై సార్లు రవిక విప్పక్కర్లేదు.
పిల్లలు నాకంటే తొందరగా పట్టేస్తున్నారు.

చెక్‌లిస్టు చివర పెన్నుతో ఒక గీత నేనే చేర్చాను:
విన్నాక బొమ్మతో
"ఇక ఊపిరి తీసుకోమ్మా" అనాలి.
అనకపోతే అర మార్కు కోత.

"అది బొమ్మ కదా మేడం," అంది నిన్న నజ్రీన్.
"అవును," అన్నాను.
నవ్వాపుకుంటూ వంగి
రబ్బరు చెవిలో ఏదో గొణిగింది.
నాకు వినపడలేదు.
వేశాను అర మార్కు.